చలికాలంలో బ్యాటరీ కత్తెర ఛార్జింగ్: చలి కంటే మన తొందరే ఎక్కువ చేటు



ఈ వారం పాఠం బ్యాటరీల గురించి. పురుగుల సంగతి వదిలేసి ఇదేంటి అనుకోకండి. మన సింధనూరు, మాన్వి, మస్కి వైపు క్యాంపుల్లో మల్బరీ కొమ్మలు కోయడానికి బ్యాటరీ కత్తెర వాడేవాళ్లు పెరిగారు. పురుగు తన జీవితంలో తినే మొత్తం ఆకులో 80 శాతం పైనే ఐదో దశలో తింటుంది. నాలుగో జ్వరం నుంచి లేచాక ఆ ఏడెనిమిది రోజులు ఆకు ఆగితే గూడు బరువు తగ్గిపోతుంది. సరిగ్గా ఆ రోజుల్లో కత్తెర మొరాయిస్తే అప్పటికప్పుడు కూలీలు దొరకరు. అందుకే బ్యాటరీ సంగతి కూడా పంట సంగతే.

చలి మొదలయ్యాక గ్రూపులో రెండు మాటలు తిరుగుతున్నాయి. "చలిలో ఛార్జింగ్ పెడితే లిథియం బ్యాటరీ చచ్చిపోతుంది" అనేది ఒకటి. "అందుకే రేరింగ్ షెడ్డులో హీటరు పక్కన పెట్టి ఛార్జ్ చేయండి" అనేది రెండోది. మొదటి మాటలో సగం నిజం ఉంది. రెండో మాటలో నిజం లేదు సరికదా, ప్రమాదం ఉంది. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

*1. బ్యాటరీ డబ్బాలో ఏముంటుంది*

కత్తెర, డ్రిల్లు, బ్రష్ కట్టర్ ఏదైనా సరే, ఆ డబ్బా లోపల వేలంత పొడుగు గుండ్రటి సెల్స్ ఉంటాయి. మామూలు చిన్న కత్తెరకు 5 సెల్స్ వరసగా కలుపుతారు. ఒక్కో సెల్ నిండితే 4.2 వోల్టులు, అంటే 5 సెల్స్‌కి 21 వోల్టులు. వాడుకలో సగటున 3.6 చొప్పున 18 వోల్టులు. అందుకే ఒక కంపెనీ 18 అని రాస్తే ఇంకొకటి 20 అనీ, 21 అనీ రాస్తుంది. మూడూ ఒకటే. డబ్బా మీద 48, 88, 98 అని పెద్ద అంకెలు వేసి అమ్మే చవక రకాల్లో చాలావాటి లోపల ఉండేది ఇవే 5 సెల్స్. ఆ అంకె చూసి మోసపోవద్దు. ఛార్జర్ మీద అవుట్‌పుట్ 21 వోల్టులు అని ఉంటే లోపల 5 సెల్సే.

ఈ లిథియం అయాన్ బ్యాటరీని సోనీ కంపెనీ 1991లో మొదట మార్కెట్లోకి తెచ్చింది. దీన్ని రూపొందించడానికి దారి వేసిన గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. సెల్ లోపల రెండు పొరలుంటాయి, మధ్యలో ఒక ద్రవం ఉంటుంది. ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు ఒక పొర నుంచి బయల్దేరి ద్రవంలోంచి ఈది అవతలి గ్రాఫైట్ పొరలోకి దూరి కూర్చుంటాయి. కత్తెర నొక్కినప్పుడు అవే వెనక్కి వస్తాయి. ఇంతే సంగతి.

*2. చలిలో ఏమవుతుంది*

ఇది మనకు తెలిసిన పనితోనే అర్థమవుతుంది. పెద్ద పురుగులకు షెడ్డులో 24, 25 డిగ్రీలు ఉండాలి. చలి పెరిగి షెడ్డు చల్లబడితే పురుగు మేత మందగిస్తుంది. అయినా మనం మామూలు లెక్కన కొమ్మలు వేసుకుంటూ పోతే ఏమవుతుంది? తినని ఆకు బెడ్డు మీద పేరుకుంటుంది. తేమ పట్టి బూజు వస్తుంది, పురుగు రోగాన పడుతుంది. తప్పు ఆకుది కాదు, పురుగుది కాదు. తినే వేగం కంటే వేసే వేగం ఎక్కువ కావడమే తప్పు.

సెల్‌లోనూ అంతే. చలిలో గ్రాఫైట్ లిథియాన్ని నెమ్మదిగా తీసుకుంటుంది. ఛార్జర్ మాత్రం అదే వేగంతో తోస్తుంది. లోపలికి దూరలేని లిథియం గ్రాఫైట్ పైనే లోహంగా పేరుకుంటుంది. అలా పేరుకున్నదాంట్లో చాలా భాగం మళ్లీ పనికి రాదు. అంటే బ్యాటరీ కెపాసిటీ శాశ్వతంగా తగ్గుతుంది. ఇంకా ముదిరితే ఆ లోహం ముళ్లలాగా పెరిగి మధ్య పొరను గుచ్చుకుని లోపలే షార్ట్ అయ్యే అవకాశం ఉంది. బయట నుంచి చూస్తే ఏమీ తెలియదు.

సున్నా డిగ్రీల కంటే తక్కువలో ఛార్జ్ చేస్తే ఈ చేటు ఖాయం. సున్నా పైన కూడా, 5, 10 డిగ్రీల దగ్గర ఫాస్ట్ ఛార్జర్ పెడితే కొంత జరగొచ్చు. అందుకే కంపెనీల పుస్తకాల్లో ఛార్జింగ్‌కి కింది హద్దు 0 అనో, 5 అనో, 10 అనో రాస్తారు. పై హద్దు 40, 45 ఉంటుంది. మీ కత్తెరతో వచ్చిన కాగితంలో ఈ రెండు అంకెలు వెతికి, బ్యాటరీ మీద మార్కర్‌తో రాసిపెట్టుకోండి.

*3. మరి మన చలి ఎంత*

కాశ్మీరులో కూడా మల్బరీ ఉంది, పట్టు ఉంది. అక్కడ డిసెంబర్ 21 నుంచి 40 రోజుల గట్టి చలిని చిల్లై కలాన్ అంటారు. రాత్రిళ్లు సున్నా కంటే కిందికి పోతుంది. అక్కడి రైతు బయట పాకలో పెట్టిన బ్యాటరీని పొద్దున్నే ఛార్జర్‌కి తగిలిస్తే నిజంగానే పాడవుతుంది. మనం చూసే వీడియోల్లో చాలావరకు మంచు పడే దేశాలవాళ్లు చెప్పేవి. వాళ్ల ఊరికి అది సరైన మాటే.

మన రాయచూరు జిల్లాలో డిసెంబర్, జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల దగ్గరికి వస్తుంది, గట్టి చలి పడితే ఇంకో నాలుగైదు డిగ్రీలు దిగుతుంది. సున్నా మాట మనకు లేదు. ఇంట్లో నాలుగు గోడల మధ్య అయితే అంత కూడా ఉండదు. కాబట్టి మన చలి మన బ్యాటరీని చంపదు. మనం చూసుకోవాల్సింది ఒక్కటే. పొలంలో మోటారు గదిలో రాత్రంతా ఉన్న బ్యాటరీని తెల్లారకట్ల ఐదింటికి తీసి అప్పుడే ఫాస్ట్ ఛార్జర్‌కి పెట్టకూడదు. ఇంట్లోకి తెచ్చి గంట, రెండు గంటలు ఉంచితే అదే మామూలు వేడికి వస్తుంది. వేడి చేయాల్సిన పని లేదు.

ఛార్జర్ వేగం లెక్క కూడా చెప్తాను. బ్యాటరీ 2 ఆంపియర్ అవర్, ఛార్జర్ 1 ఆంపియర్ అయితే రెండు గంటలు దాటి పడుతుంది. అది నిదానం, చలికాలానికి మంచిది. అదే బ్యాటరీకి 4 ఆంపియర్ల ఛార్జర్ పెడితే అరగంట చిల్లరలో నిండుతుంది, కానీ ఒత్తిడి నాలుగింతలు. చలి పొద్దున నిదానపు ఛార్జర్, తప్పనిసరైతేనే ఫాస్ట్ ఛార్జర్.

*4. పొద్దున్నే కత్తెర నీరసంగా ఉంటే*

"రాత్రి ఫుల్ ఛార్జ్ చేశాను, పొద్దున ఆరింటికి లావు కొమ్మ కోయడంలేదు, బ్యాటరీ పోయినట్టేనా?" అని చాలామంది అడుగుతున్నారు. చలిలో ఛార్జ్ చేయడం వేరు, చలిలో వాడడం వేరు. చలిలో సెల్ లోపలి ద్రవం మందగించి కరెంటు తేలిగ్గా రాదు. లావు కొమ్మ దగ్గర వోల్టేజి పడిపోయి కత్తెర ఆగుతుంది. ఇది తాత్కాలికం. వేడెక్కగానే శక్తి తిరిగి వస్తుంది. చలిలో వాడినందుకు బ్యాటరీ పాడవదు.

అసలు బ్యాటరీ అయిపోయిందా, చలికి మందగించిందా తెలుసుకోవడానికి తేలిక పరీక్ష ఉంది. ఒక ఫుల్ ఛార్జికి ఎన్ని సాళ్లు కోసిందో నోటు పుస్తకంలో రాయండి. పొద్దున ఆరింటికి ఒకసారి, పదకొండింటికి ఒకసారి రాయండి. పొద్దున తక్కువ, పదకొండింటికి మామూలుగా ఉంటే అది చలి. రెండు పూటలా తక్కువే ఉంటే బ్యాటరీ వయసైపోయింది. అలా నెలకోసారి రాసుకుంటే కొత్తది ఎప్పుడు కొనాలో పంట మధ్యలో కాకుండా ముందే తెలుస్తుంది.

బ్యాటరీని రాత్రి ఇంట్లో పెట్టుకోండి. పొలానికి సంచిలో తీసుకెళ్లి, కోత మొదలయ్యేటప్పుడే కత్తెరకు తగిలించండి. మొదటి ఐదు నిమిషాలు సన్న కొమ్మలు కోస్తే వాడకంతోనే సెల్స్ కాస్త వేడెక్కుతాయి. తరువాత లావు కొమ్మలకు వెళ్లండి.

*5. ఛార్జర్ లైటు ఏం చెబుతోంది*

మంచి కంపెనీ బ్యాటరీ డబ్బాలో వేడి కొలిచే చిన్న సెన్సర్ ఉంటుంది. బ్యాటరీ మరీ చల్లగా ఉన్నా మరీ వేడిగా ఉన్నా ఛార్జర్ ఛార్జింగ్ మొదలుపెట్టకుండా లైటు ఆర్పి వెలిగిస్తూ ఆగుతుంది. చాలామంది దాన్ని ఛార్జర్ పాడైంది అనుకుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తారు. అది పాడవడం కాదు, కాపలా కాయడం. కాసేపు ఉంచితే దానంతటదే మొదలవుతుంది.

చవక రకాలు చాలావాటికి ఛార్జర్‌కీ బ్యాటరీకీ మధ్య ప్లస్, మైనస్ రెండే తీగలు. సన్న పిన్ను గుచ్చే ఛార్జర్లు ఎక్కువగా ఇవే. వాటికి వేడి, చలి తెలియవు. కాబట్టి ఆ కాపలా పని మనమే చేయాలి. చేత్తో పట్టుకుని చూడండి. చేతికి చల్లగా తగిలితే ఆగండి. వేడిగా తగిలినా ఆగండి. చెయ్యికి ఏమీ తేడా తెలియకపోతే పెట్టండి.

*6. రేరింగ్ షెడ్డులో ఛార్జింగ్ ఎందుకు వద్దు*

ఇదే ఈ పాఠంలో ముఖ్యమైన మాట. చలికాలంలో ఊరంతటిలోకీ వెచ్చగా ఉండేది రేరింగ్ షెడ్డే కాబట్టి అక్కడ ఛార్జ్ చేద్దాం అనిపించడం సహజం. నాలుగు కారణాల వల్ల అది తప్పు.

ఒకటి, తేమ. చాకీ గదిలో 85, 90 శాతం తేమ పెడతాం. పెద్ద పురుగుల షెడ్డులో 70, 75 శాతం. చల్లటి బ్యాటరీని ఆ తేమలోకి తెస్తే చెంబు మీద చెమట పట్టినట్టు బిళ్లల మీద, లోపలి బోర్డు మీద నీటి బొట్లు కడతాయి. దాని మీద కరెంటు పెడితే చిలుము, షార్ట్.

రెండు, మందులు. పంటకు ముందు బ్లీచింగ్ పౌడర్, సున్నం, క్లోరిన్ డయాక్సైడ్ కొడతాం. పురుగుల మీద సున్నం పొడి, పడక మందు చల్లుతాం. క్లోరిన్ రాగి, ఇత్తడి బిళ్లలను తినేస్తుంది. బ్యాటరీ బిళ్లలు పచ్చగా, నల్లగా మారితే అక్కడ వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. షెడ్డు శుద్ధి చేసే రోజున ఛార్జర్లు, కత్తెరలు అన్నీ బయటికి తెచ్చేయండి.

మూడు, హీటరు, కుంపటి. హీటరు పక్కన పెట్టిన బ్యాటరీ ఒకవైపు మాత్రమే కాలుతుంది. 5 సెల్స్‌లో రెండు వేడిగా, మూడు చల్లగా ఉంటే అవి సమానంగా నిండవు. వేడి సెల్ ముందు ముసలిదవుతుంది, దాంతో మొత్తం డబ్బా పోతుంది.

నాలుగు, మంట. లిథియం బ్యాటరీ అంటుకోవడం అరుదు. కానీ అంటుకుంటే నిమిషాల్లో విషపు పొగ వస్తుంది. మన షెడ్డులో ఏముంటాయి? ప్లాస్టిక్ చంద్రికలు, నైలాన్ వలలు, ఎండు కొమ్మలు, గోనె పట్టాలు. మంట ఆర్పినా ఆ పొగకు పురుగు మిగలదు. పొగాకు తోట గాలి తగిలితేనే తట్టుకోలేని పురుగు అది. కత్తెర ఖరీదు వేలల్లో ఉంటే పంట ఖరీదు దానికి ఎన్నో రెట్లు.

మరి ఎక్కడ పెట్టాలి? ఇంటి వరండాలో లేదా హాల్లో, షాబాద్ బండ మీదో సిమెంటు గచ్చు మీదో. చుట్టూ మూరెడు దూరంలో బట్ట, కాగితం, గోనె ఉండకూడదు. మంచం మీద, పరుపు మీద వద్దు. పైన గుడ్డ కప్పవద్దు. గాలి ఆడాలి. అందరూ నిద్రపోయే వేళ కాకుండా మనిషి మెలకువగా ఉండే వేళ పెట్టండి.

*7. పనికీ ఛార్జింగ్‌కీ మధ్య విరామం*

కోత అయ్యాక బ్యాటరీ వేడిగా ఉంటుంది. చలికాలమైనా సరే, అప్పుడే ఛార్జర్‌కి పెట్టకూడదు. అరగంట నీడలో ఉంచండి. చలికాలానికి ఈ వరస బాగుంటుంది: పొద్దున కోత, తొమ్మిదికి ఇంటికి, అరగంట విరామం, పదింటికి నిదానపు ఛార్జర్, మధ్యాహ్నానికి రెడీ. సాయంత్రం కోత అయ్యాక మళ్లీ విరామం ఇచ్చి, రాత్రి భోజనాల వేళ పెట్టి, పడుకునే ముందు తీసేయాలి.

"పగలు ఛార్జ్ చేస్తే కరెంటు బిల్లు" అని వెనకాడవద్దు. 18 వోల్టులు, 2 ఆంపియర్ అవర్ అంటే 36 వాట్ అవర్. ఛార్జర్‌లో వృథా కలుపుకుని 45, 50 అనుకోండి. ఒక యూనిట్ అంటే 1000 వాట్ అవర్. అంటే ఒక్క యూనిట్‌తో 20 సార్లు నింపొచ్చు.

*8. ఫ్రిజ్ సలహా*

ఎండాకాలంలో "బ్యాటరీ ఫ్రిజ్‌లో పెడితే ఎక్కువ కాలం వస్తుంది" అనే మాట కూడా నడుస్తుంది. చల్లని చోట బ్యాటరీ నెమ్మదిగా ముసలిదవుతుంది అనేది నిజమే. కానీ మన జిల్లాలో బ్యాటరీకి అసలైన చలి దెబ్బ తగిలే చోటు కూడా ఆ ఫ్రిజ్జే. లోపల 4, 5 డిగ్రీలు, ఐసు గదిలో సున్నాకు చాలా కింద. తీసి వెంటనే ఛార్జ్ చేస్తే పైన చెప్పిన లిథియం పేరుకునే చేటు, బయటి తేమ పట్టే చేటు రెండూ కలుస్తాయి. ఫ్రిజ్ అవసరమే లేదు. ఇంట్లో చల్లని మూల, సగం ఛార్జి చాలు. ఎవరైనా ఇప్పటికే పెట్టి ఉంటే కవర్‌లో మూతికట్టి బయటికి తీసి, కవర్ విప్పకుండా మూడు నాలుగు గంటలు ఉంచి, తరువాత వాడండి.

అసలు మన శత్రువు ఏప్రిల్, మే నెలలు. 40 దాటిన మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద, ట్రాక్టర్ సీటు మీద, బండి డిక్కీలో ఫుల్ ఛార్జితో వదిలేసిన బ్యాటరీ చలికాలమంతా పోగొట్టుకోని ప్రాణాన్ని ఒక్క వేసవిలో పోగొట్టుకుంటుంది. ఆ నెలల్లో ఛార్జింగ్ తెల్లవారుజామునే.

*9. మందు పంపు బ్యాటరీ వేరు*

వీపున మోసే బ్యాటరీ పంపుల్లో చాలావాటికి ఉండేది 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ. చేతికి బరువుగా ఉంటుంది. దాని నియమం లిథియానికి తలకిందులు. లెడ్ యాసిడ్‌ను ఎప్పుడూ నింపి ఉంచాలి, ఖాళీగా వదిలితే పాడవుతుంది. లిథియాన్ని వాడని రోజుల్లో సగం దగ్గర ఉంచాలి. ఒకదాని ఛార్జర్ ఇంకోదానికి పిన్ను సరిపోయినా పెట్టకండి. ఇంట్లో పిల్లలకు తెలిసేలా ఛార్జర్లకు, బ్యాటరీలకు ఒకే రంగు టేపు జతలుగా చుట్టండి.

రెండు పంటల మధ్య కత్తెర నెలల తరబడి ఖాళీగా ఉంటే లిథియం బ్యాటరీని కత్తెర నుంచి ఊడదీయండి. మల్టీమీటర్ ఉంటే 5 సెల్స్ డబ్బాకు 18 నుంచి 18.5 వోల్టులు చూపిస్తే సగం దగ్గర ఉన్నట్టు. నెలకోసారి చూడండి. 15 కంటే దిగనివ్వకండి.

*10. పాడైన బ్యాటరీ*

డబ్బా ఉబ్బినా, తియ్యటి మందు వాసన వచ్చినా, ఛార్జింగ్‌లో చెయ్యి పెట్టలేనంత కాలినా దాని పని అయిపోయినట్టే. పూర్తిగా ఖాళీ అయి ఛార్జ్ ఎక్కని బ్యాటరీకి వేరే బ్యాటరీతో తీగలు కలిపి జంప్ ఇచ్చి లేపుతామనే షాపులు ఉన్నాయి. చేయించకండి. లోపల రాగి కరిగి ఉంటుంది, అలా లేచింది ఎప్పుడు షార్ట్ అవుతుందో చెప్పలేం.

ఛార్జింగ్‌లో పొగ వస్తే ముందు మెయిన్ స్విచ్ ఆపండి. పొగ పీల్చకండి. ఆ డబ్బాను చేత్తో పట్టుకోకండి. మనుషుల్ని బయటికి పంపి, దూరం నుంచి నీళ్లు ఎక్కువగా పోయండి. చల్లబరచడమే దానికి మందు. ఆరిపోయాక కూడా మళ్లీ అంటుకోవచ్చు, అందుకని ఆరుబయటే వదిలి కనిపెట్టి ఉండండి.

పాత బ్యాటరీని ఎరువు గుంటలోనో కాలవలోనో వేయకండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే. కొన్న షాపులో అడగండి. కొత్తది కొనేటప్పుడు డబ్బా మీదో, లోపలి సెల్స్ వివరాల్లోనో ఐఎస్ 16046 అనే గుర్తు ఉందా చూడండి. అది మన దేశపు భద్రతా ప్రమాణం.

*గోడకు అంటించుకోవడానికి ఆరు ముక్కలు*

1. చేతికి చల్లగా తగిలినా, వేడిగా తగిలినా ఛార్జింగ్ వద్దు.
2. చల్లని బ్యాటరీని ఇంట్లో ఉంచి తేరుకోనివ్వాలి. హీటరు, కుంపటి, ఎండ చూపించకూడదు.
3. చలి పొద్దున నిదానపు ఛార్జర్.
4. రేరింగ్ షెడ్డులో, చాకీ గదిలో ఛార్జింగ్ ఎప్పుడూ వద్దు.
5. వాడని లిథియం సగం ఛార్జితో, లెడ్ యాసిడ్ ఫుల్ ఛార్జితో.
6. ఐదో దశ మొదలయ్యే ముందు రోజు రెండు బ్యాటరీలూ పరీక్షించి, పాత చేతి కత్తెరకు, కొడవలికి కూడా సాన పెట్టి ఉంచాలి.

ఆరో ముక్కను తేలిగ్గా తీసుకోవద్దు. బ్యాటరీ ఎంత మంచిదైనా పురుగు ఆకలికి సర్ది చెప్పలేం.

మీ ఛార్జర్ లైటు అర్థం కాకపోతే దాని ఫోటో, మీద రాసి ఉన్న వోల్టులు, ఆంపియర్లు కనిపించేలా తీసి గ్రూపులో పెట్టండి. తెలిసినవాళ్లం చెబుతాం. ఈ పాఠాన్ని షెడ్డులో పనిచేసే పిల్లలకూ, కోతకు వచ్చే కూలీలకూ చదివి వినిపించండి. ఛార్జింగ్ పెట్టేది ఎక్కువసార్లు వాళ్లే.

అందరి పంటా బాగుండాలి. ఉంటానండి.